బిగ్‌లా కొలువు కోసం లా స్కూల్: టాపర్ని వదిలి మధ్య వరసను చూడాలి

అమెరికాలో ఏటా లా పూర్తిచేసి బయటికొచ్చేవాళ్ళ తొలి జీతాలతో గ్రాఫు గీస్తే దానికి రెండు మూపురాలు వస్తాయి. న్యాయవాద ఉద్యోగాల లెక్కలు సేకరించే నాల్ప్ సంస్థ ఈ శతాబ్దం మొదటి నుంచీ దాదాపు ఇదే బొమ్మను ప్రచురిస్తూ వస్తోంది. ఎడమ మూపురం వెడల్పుగా, సుమారు 60 వేల నుంచి 90 వేల డాలర్ల మధ్య పరుచుకుని ఉంటుంది. ప్రభుత్వ న్యాయవాదులు, చిన్న ఫర్ముల్లో చేరినవాళ్ళు, ప్రజాప్రయోజన సంస్థల్లో పనిచేసేవాళ్ళు అక్కడుంటారు. కుడివైపు సన్నగా, నిట్టనిలువుగా ఒక గీత లేస్తుంది. ఇప్పుడది 2,25,000 డాలర్ల దగ్గరుంది. మధ్యలో జనం పలచన. ఏదైనా లా స్కూల్ బ్రోషర్లో ‘సగటు జీతం’ అని కనిపిస్తే ఆ అంకె చాలాసార్లు ఈ పలచటి చోటే పడుతుంది. అంత జీతం నిజంగా అందుకునేవాళ్ళు తక్కువ.

ఆ కుడివైపు గీతనే బిగ్‌లా అంటారు. వందల మంది, వేల మంది లాయర్లున్న కార్పొరేట్ ఫర్ముల ప్రపంచం అది. కంపెనీల కొనుగోళ్ళు, విలీనాలు, బాండ్లు, భారీ వ్యాజ్యాలు వాటి పని. జీతం విషయంలో ఈ ఫర్ములన్నీ ఒకదాన్ని చూసి ఒకటి నడుస్తాయి. న్యూయార్క్‌లోని క్రావత్ ఫర్మ్ పేరుమీద దీన్ని ‘క్రావత్ స్కేల్’ అంటారు గానీ ఇటీవల పెంపుదలకు ముందడుగు వేస్తున్నది ఎక్కువగా మిల్‌బ్యాంక్. 2023 నవంబర్లో ఆ ఫర్మ్ మొదటి ఏడాది జీతాన్ని 2,25,000కు పెంచింది, కొద్ది వారాల్లో మిగతావన్నీ అదే బాట పట్టాయి. మూడో ఏడాదికి 2,60,000, ఐదో ఏడాదికి 3,65,000, ఎనిమిదో ఏడాదికి 4,35,000. ఏడాది చివర బోనస్ వేరు. ఈ మెట్లు ఎప్పుడూ పైకే కదులుతాయనుకోకూడదు. 2007లో 1,60,000 డాలర్లకు చేరిన తొలి జీతం 2016 దాకా, తొమ్మిదేళ్ళపాటు, అక్కడే ఆగిపోయింది.

అందరూ ఒకే జీతం ఇస్తున్నప్పుడు ఏ ఫర్మ్ అన్నది రెండో ప్రశ్న అవుతుంది. మొదటి ప్రశ్న గుమ్మం దాటగలమా లేదా అన్నదే. దానికి జవాబు చాలావరకు లా స్కూల్లో సీటు తీసుకున్న రోజే ఖాయమైపోతుంది.

ఫర్ములు స్కూలును ఎందుకంతగా చూస్తాయి

పాతికేళ్ళ కుర్రవాడు మంచి లాయరవుతాడో లేదో చెప్పగలిగే పరీక్ష ఏ ఫర్మ్ దగ్గరా లేదు. క్లయింటుకు అతని గంటకు వందల డాలర్ల బిల్లు మాత్రం మొదటి రోజు నుంచే వెళుతుంది. అందుకని ఫర్ములు వడపోత పనిని లా స్కూళ్ళ అడ్మిషన్ ఆఫీసులకు వదిలేశాయి. పేరున్న లా స్కూళ్ళ నుంచి మంచి మార్కులవాళ్ళను తాజాగా తీసుకుని లోపలే తయారుచేసుకునే పద్ధతిని ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో పాల్ క్రావత్ స్థిరపరిచాడు. వందేళ్ళయినా ఆ అలవాటు పెద్దగా మారలేదు.

ఇందులో దరఖాస్తుదారు గమనించాల్సిన కిటుకు ఒకటుంది. ఫర్ములు ‘ఈ స్కూల్ నుంచి తీసుకుంటాం, ఆ స్కూల్ నుంచి తీసుకోం’ అని గీత గీయవు. ప్రతి స్కూలుకూ ఒక్కో కటాఫ్ పెట్టుకుంటాయి. కొలంబియా నుంచి అయితే క్లాసులో సగానికి కాస్త కింద ఉన్నవాళ్ళను కూడా పిలిచే ఫర్మ్, యాభయ్యో ర్యాంకు స్కూల్ నుంచి మొదటి పది శాతంలో ఉన్నవాళ్ళను మాత్రమే పిలుస్తుంది. వందో ర్యాంకు స్కూలుకు దిగితే ఆ ఊళ్ళోనే ఆఫీసున్న ఫర్మ్ తప్ప మరొకరు తొంగిచూడరు, చూసినా క్లాసులో మొదటి ఐదారుగురి కోసమే. అంటే మంచి స్కూలులో సీటు తెచ్చిపెట్టేది ప్రతిష్ఠ మాత్రమే కాదు. క్లాసులో ఎంత కిందికి జారినా ఇంకా ఉద్యోగం వచ్చే అవకాశాన్ని అది తెచ్చిపెడుతుంది.

‘నేను కష్టపడి చదివి టాప్ పది శాతంలో ఉంటాను కదా’ అనే ధైర్యం ప్రతి దరఖాస్తుదారుకూ ఉంటుంది. తొంభై శాతం మంది విషయంలో అది తప్పవుతుంది. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పే మాట కాదు, గ్రేడింగ్ పద్ధతిలోనే అలా రాసి ఉంది. మొదటి ఏడాది కాంట్రాక్ట్స్, టార్ట్స్, సివిల్ ప్రొసీజర్ లాంటి కోర్సుల్లో మార్కులన్నీ కర్వ్ మీద వేస్తారు. ఇన్ని ఏలు, ఇన్ని బీలు అని ముందే నిర్ణయమై ఉంటుంది. సెమిస్టరంతా చదివినదానికి ఒకే ఒక్క పరీక్ష, మూడు నాలుగు గంటలు. కొలతలో తేడా స్కూలును బట్టి ఉంటుంది: యేల్, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ అక్షరాల గ్రేడ్లు మానేసి ఆనర్స్, పాస్ అని ఇస్తాయి, షికాగో యూనివర్సిటీ ఎక్కడా లేని విధంగా నూట యాభై చిల్లర నుంచి నూట ఎనభై చిల్లర దాకా సాగే సొంత స్కేలు మీద మార్కులు వేస్తుంది. పేరు ఏదైనా వరస మాత్రం వరసే. పక్కన కూర్చున్నవాళ్ళందరూ లా స్కూల్ ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో అదే స్కోరుతో, అదే పట్టుదలతో వచ్చినవాళ్ళు. డిసెంబర్ పరీక్షలో ఎవరు పైకొస్తారో ఆగస్టులో ఎవరూ చెప్పలేరు, కాలేజీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు సహా.

పైగా ఇప్పుడు రెండో అవకాశం కూడా తగ్గిపోయింది. బిగ్‌లా ఉద్యోగం నిజానికి సమ్మర్ అసోసియేట్ పోస్టుతో మొదలవుతుంది. రెండో ఏడాది తరవాతి వేసవిలో పది వారాల పాటు పని, వారానికి 4,300 డాలర్ల పైచిలుకు జీతం. ఆ వేసవి గడిపినవాళ్ళలో వందకు తొంభై అయిదు మందికి పైగా శాశ్వత ఆఫర్ వస్తుంది. కాబట్టి అసలు పోటీ ఆ సమ్మర్ సీటు కోసమే. ఒకప్పుడు ఆ ఇంటర్వ్యూలు మొదటి ఏడాది పూర్తయ్యాక ఆగస్టులో, స్కూల్ ప్రాంగణంలోనే, ఇరవై నిమిషాలకొకరు చొప్పున జరిగేవి. ఈ తేదీలను కట్టడిచేసే నిబంధనలను నాల్ప్ 2018లో సడలించాక ఫర్ములు ఒకదాన్ని మించి ఒకటి ముందుకు జరిపాయి. ఇప్పుడు చాలా ఫర్ములు మొదటి ఏడాది వసంతంలోనే దరఖాస్తులు తీసుకుంటున్నాయి. అప్పటికి విద్యార్థి చేతిలో ఉండేది ఒక్క సెమిస్టర్ గ్రేడ్లు. మూడేళ్ళ చదువుకు, దశాబ్దపు ఆదాయానికి మూడు నాలుగు పరీక్షలే ఆధారం కావడం అన్యాయమే, కానీ ఫర్ములేమీ మొహమాటపడటం లేదు.

కాబట్టి స్కూలును ఎంచుకునేటప్పుడు ఒకే ఒక్క ఊహ పెట్టుకోవాలి: క్లాసులో సరిగ్గా మధ్యలో నిలబడితే ఏం జరుగుతుంది? అదృష్టం కలిసొచ్చి పైకెళితే మంచిదే. లెక్క మాత్రం మధ్య వరస మీదే వేసుకోవాలి.

రిపోర్టు చదవడం

అదృష్టవశాత్తూ దీనికి కావలసిన సమాచారం ఉచితంగానే దొరుకుతుంది. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి లా స్కూలూ, ఆ ఏడాది బయటికొచ్చినవాళ్ళు పది నెలల తరవాత ఎక్కడున్నారో చెప్పే ఉద్యోగ నివేదికను ప్రచురించాలి. ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. 2008 మాంద్యం తరవాత ఉద్యోగాల్లేని పట్టభద్రులు పలు స్కూళ్ళ మీద కోర్టుకెక్కారు. హోటల్లో పనిచేసినా, పార్ట్‌టైం చేసినా ‘ఉద్యోగి’గానే లెక్కేసి తొంభై శాతం పైన చూపించారన్నది వాళ్ళ ఆరోపణ. ఆ కేసులు చాలావరకు నిలబడలేదు గానీ, లెక్కలు చూపే పద్ధతి మాత్రం ఆ గొడవతోనే మారింది.

ఆ నివేదికను ఎలా చదవాలో ఒక ఊహాత్మక స్కూలుతో చూద్దాం. పట్టభద్రులు 200 మంది. వెబ్‌సైట్ మొదటి పేజీలో ‘95 శాతం ఉద్యోగాలు’ అని పెద్దక్షరాల్లో ఉంది. నివేదిక తెరిస్తే, బార్ (లాయరు లైసెన్సు పరీక్ష) పాసవడం తప్పనిసరైన, పూర్తికాలపు, దీర్ఘకాలిక ఉద్యోగాలు 160 అని తేలుతుంది. మిగతా ముప్పై మందిలో కొందరివి డిగ్రీ ఉంటే మేలన్న కొలువులు, కొందరివి స్కూలే జీతమిచ్చి ఏడాదిపాటు నిలబెట్టినవి. కిందికి వెళితే ఫర్ముల పరిమాణాన్ని బట్టి పట్టిక ఉంటుంది. 501 మందికి పైన లాయర్లున్న ఫర్ముల్లో 36 మంది, 251 నుంచి 500 దాకా ఉన్నవాటిలో 10 మంది. మరో వరసలో ఫెడరల్ జడ్జీల దగ్గర క్లర్కులుగా, అంటే న్యాయ సహాయకులుగా, చేరినవాళ్ళు 8 మంది. ఈ మూడూ కలిపితే 54. రెండు వందలకు 27 శాతం. ఆ స్కూలు విషయంలో పట్టించుకోవాల్సిన అంకె ఇదే, 95 కాదు.

ఈ మూడింటిని కలపడంలో కొంచెం విచక్షణ వాడాలి. ఫెడరల్ క్లర్కుల్లో చాలామంది ఏడాది రెండేళ్ళ తరవాత పెద్ద ఫర్ముల్లోకే వెళతారు, అదీ లక్ష డాలర్ల స్థాయి బోనస్‌తో, కాబట్టి వాళ్ళను లెక్కలో వెయ్యడం సబబే. మరోవైపు 501కి పైన అన్న గడిలో ఉన్నవన్నీ క్రావత్ స్కేలు ఇచ్చేవి కావు. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున కేసులు నడిపే కొన్ని ఫర్ములకు దేశమంతటా శాఖలున్నా మొదటి జీతం అందులో సగమే. దీనికి తిరగేసి, యాభై మంది లాయర్లు కూడా లేని కొన్ని వ్యాజ్యాల బొటిక్ ఫర్ములు పెద్దవాళ్ళకన్నా ఎక్కువిస్తాయి. అయితే వాటిలో చేరేది చాలా కొద్దిమంది, లెక్కను అది తారుమారు చేయదు. ఒకే ఏడాది నివేదికతో సరిపెట్టుకోకుండా కనీసం మూడేళ్ళవి పక్కపక్కన పెట్టుకుంటే గాలివాటం అంకెలు బయటపడతాయి.

ర్యాంకు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది

యూఎస్ న్యూస్ పత్రిక ర్యాంకుల్లో ఏళ్ళ తరబడి పైన ఉంటూ వచ్చిన పద్నాలుగు స్కూళ్ళకు టీ14 అని పేరు పడింది. యేల్, స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్, షికాగో, కొలంబియా, ఎన్‌వైయూ, పెన్, వర్జీనియా, మిషిగన్, డ్యూక్, నార్త్‌వెస్టర్న్, బర్క్‌లీ, కార్నెల్, జార్జ్‌టౌన్. 2022 నవంబర్లో యేల్, హార్వర్డ్ ఈ ర్యాంకులకు సమాచారం ఇవ్వబోమని ప్రకటించాయి, వెనకే మరికొన్ని వెళ్ళాయి. దాంతో కొలమానాలే మారిపోయి స్కూళ్ళ స్థానాలు ఏటా అటూ ఇటూ కదులుతున్నాయి. ఫర్ముల మనసులో మాత్రం ఆ కదలికకు విలువ లేదు. రిక్రూటింగ్ పార్ట్‌నర్లు తాము చదువుకున్న రోజుల నాటి జాబితాతోనే పని కానిస్తారు.

ర్యాంకును చూసి బోల్తాపడే చోటు ఒకటుంది. పెద్ద ఫర్ముల్లో చేరేవాళ్ళ శాతం ప్రకారం చూస్తే కొలంబియా, కార్నెల్, నార్త్‌వెస్టర్న్ లాంటివి యేల్‌కన్నా చాలా పైనుంటాయి. యేల్ విద్యార్థిని ఫర్ములు వద్దంటాయా? లేదు. అక్కడివాళ్ళే క్లర్కుషిప్పులు, అధ్యాపకత్వం, ప్రభుత్వ కొలువుల వైపు వెళ్ళిపోతారు. బర్క్‌లీ, మిషిగన్లలో కూడా ప్రజాప్రయోజన న్యాయం చేద్దామని వచ్చేవాళ్ళు గణనీయంగా ఉంటారు కాబట్టి శాతం కాస్త తగ్గి కనిపిస్తుంది. కార్నెల్ చిన్న స్కూలు, ఇథకాలో దూరంగా ఉంటుంది, అయినా క్లాసులో ఎక్కువమంది చూపు న్యూయార్క్ ఫర్ముల మీదే. జార్జ్‌టౌన్ దీనికి భిన్నం: అదే జాబితాలో ఉన్నా క్లాసు చాలా పెద్దది, వాషింగ్టన్ రాజకీయాల వైపు వెళ్ళేవాళ్ళూ ఎక్కువ, మధ్య వరసలో ఉన్నవాళ్ళకు మిగతా పదమూడింటంత భరోసా ఉండదు. మొత్తమ్మీద నాలుగో ర్యాంకుకూ పదకొండో ర్యాంకుకూ మధ్య బిగ్‌లా అవకాశాల్లో తేడా, ఆ తేడా కోసం లక్ష డాలర్లు ఎక్కువ కట్టేంత ఉండదు.

పద్నాలుగు దాటాక భూగోళం రంగంలోకి దిగుతుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ, నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ, యూఎస్‌సీ తమ ప్రాంతాల్లో టీ14 స్కూళ్ళతో భుజం భుజం కలిపి నిలబడతాయి. బోస్టన్ ప్రాంతంలో బోస్టన్ కాలేజీ, బోస్టన్ యూనివర్సిటీ కూడా అంతే. ర్యాంకులో ముప్పై చుట్టూ తిరిగే ఫోర్డ్‌హమ్, మన్‌హాటన్ నడిబొడ్డున ఉండటం వల్ల, తనకన్నా పై ర్యాంకున్న కొన్ని స్కూళ్ళకన్నా ఎక్కువమందిని పెద్ద ఫర్ములకు పంపిస్తుంది. అదే ర్యాంకున్న మరో స్కూలు ఏదైనా మధ్యస్థ పట్టణంలో ఉంటే, ఆ పట్టణంలో పెద్ద ఫర్ములే లేకపోతే, దాని డిగ్రీ న్యూయార్క్ దాకా ప్రయాణించదు.

నగరాల స్వభావాలు కూడా వేరు. న్యూయార్క్ అందరికన్నా ఎక్కువమందిని తీసుకుంటుంది, ‘ఇక్కడికే ఎందుకు?’ అని పెద్దగా అడగదు. హ్యూస్టన్, డల్లాస్, అట్లాంటా అడుగుతాయి: కుటుంబం ఇక్కడుందా, ఇక్కడ చదివారా, రెండేళ్ళలో వెళ్ళిపోతారా అని. వాషింగ్టన్‌లో సీట్లు తక్కువ, గ్రేడ్ల పట్టింపు ఎక్కువ. టెక్సస్‌లో పెద్ద ఫర్ములు న్యూయార్క్ జీతమే ఇస్తాయి, రాష్ట్ర ఆదాయపన్ను లేదు. 2,25,000 జీతం మీద పన్నులన్నీ పోగా న్యూయార్క్ నగరంలో ఉండే ఒంటరి ఉద్యోగికి చేతికొచ్చేది సుమారు 1,45,000 డాలర్లు. అదే హ్యూస్టన్‌లో ఇరవై వేలకు పైగా ఎక్కువ మిగులుతుంది, అద్దెల తేడా వేరే. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో చాలామందికి డల్లాస్‌తో అనుబంధం ఉంది కాబట్టి ఈ లెక్క ఊరికే చెప్పినది కాదు.

అప్పు, స్కాలర్‌షిప్

కొలంబియా లాంటి చోట ఒక ఏడాదికి ఫీజే 80 వేల డాలర్లు దాటింది. ఇల్లు, తిండి, బీమా కలుపుకుంటే 1,20,000 పైన. మూడేళ్ళకు మూడున్నర లక్షలకు పైనే. అందులో మూడు లక్షలు అప్పు తెచ్చారనుకుంటే, ఎనిమిది శాతం వడ్డీకి పదేళ్ళ వాయిదాల్లో నెలకు దాదాపు 3,640 డాలర్లు కట్టాలి. న్యూయార్క్‌లో నెలకు చేతికొచ్చే పన్నెండు వేలలో దాదాపు మూడో వంతు. మోయలేనంత కాదు. అయితే ఆ జీతం పదేళ్ళూ ఉంటుందన్న షరతు మీద నడిచే లెక్క ఇది. ఏడాదికి 1,900, 2,000 బిల్లబుల్ గంటల (క్లయింటుకు బిల్లు వేయగల గంటల) ఒత్తిడిలో చాలామంది ఐదేళ్ళు నిండకముందే ఫర్మ్ వదిలేస్తారు, కొందరు తమ ఇష్టంతో, కొందరు ఫర్మ్ ఇష్టంతో. 2009లో పెద్ద ఫర్ములు వేల సంఖ్యలో లాయర్లను తీసేశాయి, ఆఫర్ ఇచ్చినవాళ్ళను ఏడాది ఆగి రమ్మన్నాయి. స్కూల్లో చేరేటప్పుడు ఏ ఆర్థిక వాతావరణం ఉందన్నది ముఖ్యం కాదు, రెండేళ్ళ తరవాత ఏముంటుందో తెలియదు.

అప్పు తెచ్చుకునే తీరు కూడా మారిపోయింది. ఇంతకాలం గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణం స్కూలు అడిగినంతా ఇచ్చేది. 2025 జులైలో వచ్చిన చట్టం దాన్ని ఎత్తేసింది. 2026 జులై 1 నుంచి కొత్తగా చేరే లా విద్యార్థికి ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షలకు మించదు. ఆపై కావలసినది ప్రైవేటు బ్యాంకుల దగ్గర తెచ్చుకోవాలి. బ్యాంకులు స్కూలు పేరు చూస్తాయి, హామీదారును అడుగుతాయి. ఖరీదైన స్కూలును పూర్తి ధరకు కొనడం ఇదివరకటికన్నా కష్టమైన నిర్ణయం.

ఇక్కడే స్కాలర్‌షిప్ బేరం మొదలవుతుంది. హార్వర్డ్, యేల్, స్టాన్‌ఫర్డ్ కుటుంబ ఆర్థిక స్థితిని బట్టే సాయం చేస్తాయి. మిగతావాళ్ళు ప్రతిభ పేరుతో ఇస్తారు. ప్రతిభ అంటే అసలు అర్థం తమ క్లాసు ఎల్‌శాట్ మీడియన్‌ను (మధ్య స్కోరును) పైకి లాగే స్కోరు. ఒక స్కూల్ ఇచ్చిన ఆఫర్ చూపించి మరో స్కూల్‌ను మర్యాదగా, రాతపూర్వకంగా అడగడం అక్కడ తప్పుగా చూడరు, మామూలు వ్యవహారమే. అడగనివాళ్ళు నష్టపోతారు. ఎర్లీ డెసిషన్‌లో దరఖాస్తు పెడితే ఈ అవకాశం చేజారుతుంది: సీటొస్తే చేరి తీరాలి కాబట్టి స్కూలుకు బేరమాడాల్సిన అవసరమే ఉండదు.

షరతులతో కూడిన స్కాలర్‌షిప్పుల సంగతి మాత్రం కాస్త నిలబడి చూడాలి. కింది, మధ్య ర్యాంకుల స్కూళ్ళలో కొన్ని ‘క్లాసులో పై మూడో వంతులో ఉంటేనే వచ్చే ఏడాది కొనసాగుతుంది’ అని రాస్తాయి. వందమంది క్లాసులో అరవై మందికి ఈ షరతుతో ఇచ్చారనుకుందాం. పై మూడో వంతులో పట్టేది ముప్పై ముగ్గురే. అంటే కనీసం ఇరవై ఏడుగురు పోగొట్టుకోవడం లెక్క ప్రకారమే ఖాయం, వాళ్ళు ఎంత చదివినా సరే. ఏ స్కూల్లో ఎంతమందికి షరతు పెట్టారో, ఎంతమంది పోగొట్టుకున్నారో బార్ అసోసియేషన్ 509 నివేదికలో ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉన్న స్కూలునే ఎంచుకోవాలి.

పూర్తి ధరకు డ్యూక్ లాంటి స్కూలు ఒకవైపు, ఫీజంతా మాఫీ చేసిన ఇరవై అయిదో ర్యాంకు స్కూలు మరోవైపు ఉంటే ఏం చేయాలి? బిగ్‌లా తప్ప మరేదీ వద్దనుకునేవాళ్ళకు మొదటిది ఖరీదైనా సమర్థనీయమే. అక్కడ మధ్య వరస విద్యార్థికి అవకాశం సగానికి పైనే, రెండోచోట నాలుగో వంతు చుట్టూ. కానీ రెండోచోట బిగ్‌లా రాకపోయినా అప్పు లేకుండా ఏ లాయరు ఉద్యోగమైనా చేసుకోవచ్చు, మొదటిచోట తప్పితే మూడు లక్షల అప్పుతో ఎడమ మూపురంలో పడతారు. చాలాసార్లు సరైన జవాబు ఈ రెండూ కావు. సగం ఫీజు తగ్గించిన టీ14 స్కూలు గానీ, దాని పక్కనే ఉన్న టెక్సస్, వాండర్‌బిల్ట్ లాంటి స్కూలు గానీ అందుబాటులోకి వచ్చేదాకా ఎల్‌శాట్ మళ్ళీ రాయడమే ఆ జవాబు. ఒక ఏడాది ఆలస్యమవుతుంది, నిజమే. 120 నుంచి 180 దాకా ఉండే ఆ స్కేలు మీద నాలుగైదు పాయింట్లు పెరిగితే వచ్చే స్కాలర్‌షిప్, ఆ ఏడాదిలో చేసే చాలా ఉద్యోగాల జీతం కన్నా ఎక్కువ. జీవితకాలంలో ఏడుసార్లు రాయనిస్తారు, స్కూళ్ళు అత్యధిక స్కోరునే లెక్కలోకి తీసుకుంటాయి. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ విభాగం కూడా తీసేశారు.

కింది స్కూల్లో చేరి మొదటి ఏడాది తరవాత పై స్కూలుకు మారిపోదామనే ఆలోచన చాలామందికి ఉంటుంది. జార్జ్‌టౌన్ లాంటివి అలా వచ్చేవాళ్ళను ఏటా పదుల సంఖ్యలో చేర్చుకుంటాయి కూడా. కానీ నియామకాలు వసంతానికే జరిగిపోవడంతో, స్కూలు మారేనాటికి సగం సీట్లు నిండిపోయి ఉంటున్నాయి. దాన్ని పథకంగా పెట్టుకోకూడదు.

ఇంజనీర్లు, భారతీయ డిగ్రీలవాళ్ళు

పైన చెప్పినదానికంతటికీ ఒక మినహాయింపుంది, అది తెలుగువాళ్ళకు బాగా పనికొచ్చేది. పేటెంట్ న్యాయం. పేటెంట్ ఆఫీసు ముందు వాదించాలంటే ప్రత్యేకమైన పేటెంట్ బార్ పాసవ్వాలి, దానికి సైన్సు లేదా ఇంజనీరింగ్ అర్హత కావాలి. ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్ చదివి లా చేసినవాళ్ళు తక్కువ కాబట్టి, ఈ విభాగాలున్న ఫర్ములు మామూలు కటాఫ్‌కన్నా బాగా కిందికి దిగి తీసుకుంటాయి. షికాగోలోని లయోలా నిర్వహించే పేటెంట్ ఇంటర్వ్యూ కార్యక్రమానికి దేశంలోని అనేక స్కూళ్ళ విద్యార్థులు వస్తారు. వాషింగ్టన్‌లోని జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీకి ఈ రంగంలో మంచి పేరు. అలెగ్జాండ్రియాలోని పేటెంట్ ఆఫీసు దగ్గరే ఉండటం ఒక కారణం. పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం చదివే కోర్సు అక్కడా, జార్జ్‌టౌన్‌లోనూ, ఫోర్డ్‌హమ్‌లోనూ ఉంది. హెచ్-4 వీసా మీద పని అనుమతి వచ్చాక కెరీర్ మార్చుకోవాలనుకునే ఇంజనీర్లకు ఈ దారి ర్యాంకుల వేటకన్నా చవక.

భారత్‌లో డిగ్రీ చేసి నేరుగా మూడేళ్ళ జేడీకి (అమెరికాలో మామూలు లా డిగ్రీ) దరఖాస్తు పెట్టేవాళ్ళ విషయంలో ఎల్‌శాట్ బరువు ఇంకా పెరుగుతుంది. విదేశీ డిగ్రీ మార్కులను అమెరికన్ జీపీఏగా మార్చరు, ఒక స్థాయి అంచనా మాత్రం ఇస్తారు. అందుకని స్కూలు ప్రకటించే జీపీఏ మీడియన్‌కు వాళ్ళ వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. స్కూలుకు ఉపయోగపడేది ఎల్‌శాట్ ఒక్కటే. చదువయ్యాక పని అనుమతి ఒక ఏడాదే. స్టెమ్ చదివినవాళ్ళకు దొరికే పొడిగింపు లాకు వర్తించదు, తరవాత హెచ్-1బీ లాటరీ. న్యూయార్క్ లాంటి చోట పెద్ద ఫర్ములకు ఈ ప్రక్రియ అలవాటే, చిన్న ఊళ్ళలోని ఫర్ములకు కాదు. ఇది కూడా స్కూలు ఉన్న ఊరును ఎంచుకోవడంలో ఒక కారణం.

భారత్‌లో లా చదివి ప్రాక్టీసు చేస్తున్నవాళ్ళు ఏడాది ఎల్‌ఎల్‌ఎం (లా మాస్టర్స్) వైపు చూస్తారు. హార్వర్డ్, కొలంబియా పేర్లు చౌకగా వస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, బిగ్‌లా నియామకాల లెక్కలో జేడీకీ ఎల్‌ఎల్‌ఎంకూ పొంతన లేదు. పైన చెప్పుకున్న సమ్మర్ సీట్లు జేడీ విద్యార్థులవి. ఎల్‌ఎల్‌ఎం వాళ్ళకు ప్రధానంగా జనవరిలో న్యూయార్క్‌లో జరిగే ఇంటర్వ్యూ కార్యక్రమం, పాత పరిచయాలు, సొంత దేశంలో చేసిన డీల్స్ అనుభవం. ముంబయి, ఢిల్లీ పెద్ద ఫర్ముల్లో నాలుగైదేళ్ళు విలీనాలో ప్రాజెక్టు ఫైనాన్సో చేసినవాళ్ళకు అప్పుడప్పుడు తలుపు తెరుచుకుంటుంది. నేరుగా కాలేజీ నుంచి వచ్చినవాళ్ళకు, స్కూలు ఎంత గొప్పదైనా, అరుదు. చేరేముందు ఆ స్కూలు కెరీర్ ఆఫీసుకు ఒక ఈమెయిల్ రాయాలి: ‘గత మూడేళ్ళలో మీ ఎల్‌ఎల్‌ఎంల్లో భారతీయ డిగ్రీలున్నవాళ్ళు అమెరికా ఫర్ముల్లో ఎంతమంది చేరారు, వాళ్ళకు అంతకుముందు ఎన్నేళ్ళ అనుభవం ఉంది?’ ఎల్‌ఎల్‌ఎం ఉద్యోగాల లెక్కలను జేడీ నివేదికలా బయటపెట్టాల్సిన నిబంధన లేదు కాబట్టి ఈ ప్రశ్నకు అంకెలతో జవాబిచ్చే స్కూళ్ళు కొన్నే. మిగతావి పూర్వవిద్యార్థుల విజయగాథల లింకు పంపిస్తాయి.